కాన్సో రేవులో చదువు: ఆంటిగోనిష్ డయాసిస్ సహకారోద్యమ చరిత్ర

శతజయంతి సంచికలో మన డయాసిస్ చరిత్రను గూర్చి వ్రాయక, సముద్రాల కవతల కెనడా దేశంలో ఉన్న మరొక డయాసిస్‌ను గూర్చి వ్రాయడమేమిటని కొందరు సంఘస్థులకు అనిపించవచ్చు. మన తొలి మిషనెరీలను గూర్చి, దేవాలయ నిర్మాణాలను గూర్చి, పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చి నాకంటె బాగుగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను ఎన్నుకొన్నది వేరొక ప్రశ్న. భూమి చాలక, అప్పు తీరక, యౌవనులు పట్టణాలకు వలసపోగా మిగిలిన ఒక బీద ప్రాంతంలోని సంఘం తన కాళ్ళమీద తాను నిలబడడానికి ఎలా పూనుకొంటుంది? అందులో కాపరి పని ఏమిటి?

గ్రామ పాస్టరేట్లలో పనిచేసిన అయ్యగార్లకు ఈ ప్రశ్న ఎక్కడనుండి వస్తుందో తెలుసు. ఉదయం తలుపు తీయగానే వరండాలో కూర్చుని ఉన్నవారిలో సగంమంది ప్రార్థన కొరకు రారు. ఒకరు సిఫారసు ఉత్తరం కొరకు, ఒకరు హాస్టలు సీటు కొరకు, ఒకరు వడ్డీ కట్టడానికి చేబదులు కొరకు వస్తారు. మిషనెరీ దొరలున్న కాలంలో వారి బంగళా వరండాలోను ఇదే దృశ్యం. దొర వెళ్ళిపోయాడు గాని వరండా మారలేదు. ఈ వరండా సమస్యను ఎదుర్కొన్న ఒక డయాసిస్ చరిత్రను, అది గెలిచిన చోట్లు, ఓడిన చోట్లు కూడా దాచకుండా, సంఘస్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కెనడాకు తూర్పు కొసన, అట్లాంటిక్ సముద్రంలోనికి చొచ్చుకొని ఉన్న రాష్ట్రం నోవా స్కోషియా. దాని తూర్పు భాగంలోని ఏడు కౌంటీలు కలిసి ఆంటిగోనిష్ రోమన్ కాథలిక్ డయాసిస్. కౌంటీ అంటే మన పాత తాలూకాల వంటి పాలనా విభాగమనుకోవచ్చు. స్కాట్లండు ఎత్తు ప్రాంతాలలో భూస్వాములు వెళ్ళగొట్టగా వచ్చిన కౌలుదార్ల సంతతివారు, ఐర్లండువారు, ఫ్రెంచి మాట్లాడే అకేడియనులు అక్కడి ప్రజలు. కొందరు రాతినేలల్లో వ్యవసాయం చేసేవారు, కొందరు కేప్ బ్రెటన్ దీవిలో బొగ్గు గనులలోను ఉక్కు ఫ్యాక్టరీలోను పనిచేసేవారు, తీరంవెంబడి ఉన్నవారు కాడ్ అనే చేపను, లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యను పట్టి బ్రతికేవారు. వీటన్నిటిలో వెనుకబడ్డ కౌంటీలలో గైస్‌బరో ఒకటి. అడవి, రాయి, పొగమంచు, సముద్రం – ఇవి తప్ప అక్కడ వేరే ఆస్తి లేదు. ప్రతి తరంలోను బలమైన యౌవనులు అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్ళిపోయేవారు. ముసలివారు, అప్పులు మాత్రం ఊళ్ళో మిగిలేవి.

అప్పు ఎలా పుట్టేదో కొంచెం వివరంగా చెప్పాలి. వసంతకాలంలో షావుకారు జాలరికి వలలు, ఉప్పు, పిండి, కిరసనాయిలు, పిల్లల బట్టలు అన్నీ ఖాతామీద ఇచ్చేవాడు. చేపలు పడ్డాక జాలరి వాటిని ఆ షావుకారుకే అమ్మాలి. సరుకు ధర షావుకారే చెప్పేవాడు, చేప ధర కూడా అతడే చెప్పేవాడు. పద్దు పుస్తకం అతని దగ్గరే ఉండేది. సంవత్సరాంతాన లెక్క చూస్తే జాలరికి రావలసిందేమీ ఉండదు. ఉంటే బాకీ ఉంటుంది. డబ్బు కంటబడకుండానే జీవితం గడచిపోయినవారు అక్కడ ఎందరో. మన కోస్తా జిల్లాలలో పడవకు అడ్వాన్సు ఇచ్చి, పట్టిన రొయ్యంతా తనకే వేయాలని కట్టడిచేసే వ్యాపారిని ఎరిగినవారికి ఇది పరాయి దేశపు కథగా తోచదు. గని కార్మికుల సంగతీ అంతే. కంపెనీ జీతం కంపెనీ దుకాణంలోనే ఖర్చయ్యేది.

ఈ డయాసిస్‌లో మార్గరీ అనే లోయ ఉంది. అక్కడ పుట్టిన ఇద్దరు దగ్గర బంధువులు ఈ చరిత్రకు ముఖ్యులు. పెద్దవాడు ఫాదర్ జేమ్స్ టామ్‌కిన్స్, 1870లో పుట్టాడు. అందరూ ఆయనను ఫాదర్ జిమ్మీ అనేవారు. చిన్నవాడు ఫాదర్ మోజెస్ కోడీ, 1882లో పుట్టాడు. (ఆ ఇంటిపేరు మన చెవికి నవ్వు తెప్పిస్తుంది గాని, ఆయన ఆరడుగులకు మించిన మనిషి, గొంతు విప్పితే సభంతా లేచి కూర్చునేది.) ఇద్దరూ రోమ్ నగరంలో వేదాంతం చదివి గురువులయ్యారు. ఇద్దరూ ఆంటిగోనిష్ పట్టణంలోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. టామ్‌కిన్స్ సన్నగా, పొట్టిగా, స్థిమితం లేకుండా ఉండేవాడు. సభలో ప్రసంగించడం ఆయనకు బొత్తిగా చేతకాదు. ఆయన చేసేదల్లా జేబునిండా పత్రికల కత్తిరింపులు, కరపత్రాలు పెట్టుకొని, ఎదురైనవాని చేతిలో ఒకటి పెట్టి, మరుసటి వారం వచ్చి "చదివావా?" అని అడగడం.

విశ్వవిద్యాలయం ప్రజల దగ్గరకు వెళ్ళాలిగాని ప్రజలలో కొద్దిమంది పిల్లలను ఏరి పట్టణాలకు పంపే నిచ్చెనగా మాత్రమే ఉండకూడదని టామ్‌కిన్స్ పట్టుబట్టాడు. డెన్మార్కులో లూథరన్ గురువు గ్రుంట్విగ్ భావాలనుండి పుట్టిన రైతుల పాఠశాలలను గూర్చి, ఇంగ్లండులో కార్మికుల విద్యాసంఘాలను గూర్చి ఆయన చదివాడు. 1921లో ఈ విషయమై ఒక చిన్న కరపత్రం ప్రచురించాడు. అదే సంవత్సరం చలికాలంలో విశ్వవిద్యాలయంలో ప్రజల పాఠశాల పెట్టారు. పరీక్ష లేదు, పట్టా లేదు, ఇంతవరకు చదివి ఉండాలన్న నిబంధన లేదు. యాభైమందికి పైగా రైతులు, కూలీలు, జాలరులు వచ్చి అర్థశాస్త్రం, వ్యవసాయం, లెక్కలు, భాష నేర్చుకొన్నారు.

అంతలో ఒక వివాదం వచ్చింది. అమెరికాలోని కార్నెగీ సంస్థ, తీరప్రాంత రాష్ట్రాలలోని చిన్న కళాశాలలన్నిటిని హాలిఫాక్స్ నగరంలో ఒకే పెద్ద విశ్వవిద్యాలయంగా కలిపితే భారీ విరాళం ఇస్తామన్నది. టామ్‌కిన్స్ దానిని గట్టిగా సమర్థించాడు. బిషప్పు జేమ్స్ మారిసన్ గారు అంతే గట్టిగా వ్యతిరేకించారు. 1922లో ఆ ప్రతిపాదనను డయాసిస్ త్రోసిపుచ్చింది. ఆ సంవత్సరాంతంలో టామ్‌కిన్స్‌ను విశ్వవిద్యాలయంనుండి తీసి, గైస్‌బరో కౌంటీలో, రాష్ట్రానికి తూర్పు అంచున ఉన్న కాన్సో అనే జాలరి రేవుకు పారిష్ గురువుగా పంపించారు. చరిత్రకారులు దీనిని ప్రవాసమనే వర్ణించారు. ట్రాన్స్‌ఫర్లను గూర్చి మన పాస్టర్లు మాట్లాడుకొనే మాటలు ఇక్కడ వ్రాయనక్కరలేదు. ఒకటి మాత్రం నిజం: బిషప్పుగారు శిక్షగా పంపిన ఆ చోటులోనే, విశ్వవిద్యాలయంలో ఉంటే జరిగేది కాని పని జరిగింది.

కాన్సోలో ఆయన మొదటి సంవత్సరాలు పైకి ఏమీ కనిపించకుండా గడిచాయి. కొత్త కట్టడం కట్టలేదు, పెద్ద ఉజ్జీవసభ జరిపించలేదు. రేవు గట్టున నడుస్తూ వల బాగుచేసుకొంటున్నవానిని ఆపి ప్రశ్నలు వేసేవాడు. నీ లాబ్‌స్టర్‌కు ఇక్కడ ఎంత ఇచ్చారు? బోస్టన్‌లో అది ఎంతకు అమ్ముతుందో తెలుసా? మధ్యలో ఉన్న సొమ్ము ఎవరికి పోయింది? దానిని మీరే ఎందుకు పంపకూడదు? జవాబు తాను చెప్పేవాడు కాదు. చదువు రానివారికి చదవడం నేర్పించే ఏర్పాటు చేసి, చదువు వచ్చినవారికి కాగితాలు పంచేవాడు. సంఘస్థులలో కొందరికి ఇదంతా విసుగు పుట్టించిందంటే ఆశ్చర్యం లేదు. గురువు పూజ చేయాలి, రోగులను చూడాలిగాని చేపల ధర ఆయనకెందుకు?

కాన్సోకు కొద్ది మైళ్ళ దూరంలో లిటిల్ డోవర్ అనే కుగ్రామం ఉంది. అది కాన్సోకంటె బీద. రాతినేల గనుక పచ్చిక లేదు, పచ్చిక లేదు గనుక ఆవులు లేవు, ఆవులు లేవు గనుక పిల్లలకు పాలు లేవు. టామ్‌కిన్స్ అక్కడికి మేకలను తెప్పించాడు. ఆవు బ్రతకని రాళ్ళమీద మేక బ్రతుకుతుందన్నది మన పల్లెల్లో చిన్నపిల్లవానికి కూడా తెలుసు. అక్కడివారికి అది క్రొత్త. ఆ తరువాత ఊరివారు చలికాలపు రాత్రుల్లో కూర్చుని, తమ లాబ్‌స్టర్‌ను తామే వండి డబ్బాల్లో పట్టి అమ్ముకోవడమెలా అని చదివారు, లెక్కలు వేశారు. తామే అడవికి వెళ్ళి కలప నరికారు, తామే మోసుకొని వచ్చారు, తామే చిన్న ఫ్యాక్టరీ కట్టుకొన్నారు. యంత్రాలకు కొంత సొమ్ము అప్పు చేశారు. ఆ ఫ్యాక్టరీ నడిచింది, అప్పు తీరింది. కట్టడం చూడడానికి గొప్పదేమీ కాదు. అయితే ఆ ఊరి చరిత్రలో మొదటిసారిగా పద్దు పుస్తకం జాలరుల ఇంట్లో ఉన్నది.

1927 జూలై 1న కెనడా సమాఖ్య ఏర్పడి అరవై సంవత్సరాలైన సందర్భంగా దేశమంతటా వజ్రోత్సవాలు జరిగాయి. ఆ రోజున కాన్సో జాలరులు కూడి, మేము ఉత్సవం చేసుకోవడానికి మాకేమున్నదని ప్రశ్నించుకొన్నారు. కంపెనీల ట్రాలర్లు సముద్రాన్ని ఊడ్చుకొని పోతున్నాయి, చిన్న పడవవానికి చేప లేదు, ఉన్న చేపకు ధర లేదు. ఈ ఫిర్యాదు పత్రికలకెక్కింది. తీరప్రాంతపు పారిష్‌ల గురువులు ఒక్కటై ప్రభుత్వానికి విజ్ఞప్తి చేశారు. ప్రభుత్వం జస్టిస్ మెక్లీన్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. దాని ముందు సాక్ష్యమిచ్చినవారిలో ఫాదర్ కోడీ ఒకరు. 1928లో వెలువడిన నివేదికలో ట్రాలర్ల విషయమై సభ్యులే ఏకాభిప్రాయానికి రాలేకపోయారు గాని, జాలరులు సహకార సంఘాలుగా ఏర్పడాలన్న సలహా మాత్రం స్పష్టంగా వచ్చింది. అదే సంవత్సరం, పూర్వ విద్యార్థుల ఒత్తిడివల్లను, స్కాట్ జాతి కాథలిక్కుల సంఘం ఒత్తిడివల్లను, విశ్వవిద్యాలయం ప్రజావిద్య కొరకు ఒక విస్తరణ శాఖను స్థాపించి కోడీని డైరెక్టరుగా నియమించింది. కాన్సోలో మొలిచిన విత్తనం అలా విశ్వవిద్యాలయానికే తిరిగి వచ్చింది. బిషప్పుగారు కూడా ఆమోదించారు. ఒకప్పటి విభేదాన్ని మనసులో పెట్టుకొని ఆపివేయలేదన్నది ఆయన పక్షంగా చెప్పవలసిన మాట.

కోడీ మొదట కేంద్ర మత్స్యశాఖ కోరికపై తీరమంతా, దీవులతో సహా, నెలల తరబడి తిరిగాడు. 1930 జూన్‌లో హాలిఫాక్స్ నగరంలో తీరప్రాంత రాష్ట్రాల జాలరుల సమాఖ్య ఏర్పడింది. తరువాత ఆంటిగోనిష్‌కు వచ్చి పనిని ఒక పద్ధతిలో పెట్టాడు.

ఆ పద్ధతి ఇది. ముందు ఊళ్ళో బహిరంగ సభ. కోడీ వచ్చి ప్రజల బీదరికాన్ని గూర్చి, దానికి వారి బాధ్యతను గూర్చి కూడా కఠినంగా మాట్లాడేవాడు. ఓదార్పు తక్కువ, చీవాట్లు ఎక్కువ. సభ ముగిసేలోగా ఆ ఊరివారే ఎనిమిది పదిమంది చొప్పున స్టడీ క్లబ్బులుగా ఏర్పడాలి. క్లబ్బు వారానికొకసారి ఎవరి వంటగదిలోనో కూడుతుంది. నాయకుడు ఊరివాడే. గురువుగాని, టీచరుగాని దానికి అధ్యక్షుడు కాడు. విస్తరణ శాఖ చిన్న చిన్న పుస్తకాలు, ప్రశ్నల పత్రాలు, బులెటిన్ పంపేది. నెలకొకసారి చుట్టుప్రక్కల క్లబ్బులన్నీ ఒకచోట కలిసి తాము నేర్చినది చెప్పుకొనేవి. చదువు ఆచరణలోకి దిగాలి – ఒక పొదుపు సంఘమో, దుకాణమో, చేపల ఫ్యాక్టరీయో పెట్టాలి. దిగని క్లబ్బు కొద్దికాలానికి ఆరిపోయేది. 1930 దశకం చివరకు ఇటువంటి క్లబ్బులు వెయ్యికి పైగా, సభ్యులు పదివేలమంది దాకా ఉన్నారు. కోడీ ప్రక్కన ఎ. బి. మెక్‌డొనాల్డ్ అనే వ్యవసాయ నిపుణుడు సంఘాలు కట్టడంలో దిట్ట. స్త్రీల క్లబ్బులను సిస్టర్ మేరీ మైకేల్, ఐడా గాలంట్ వంటివారు నడిపారు. ఈ స్త్రీలే పుస్తకాలను ఇంటింటికి చేర్చారు. అయినా ఉద్యమ చరిత్రలో వారికి దక్కిన పేజీలు తక్కువ. మన స్త్రీల మైత్రి సభ్యులకు ఈ అనుభవం కొత్తది కాదు.

పొదుపు సంఘాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జర్మనీలో మేయరుగా పనిచేసిన రైఫైజెన్ 1860 దశకంలో ప్రారంభించిన గ్రామ పరపతి సంఘాల పద్ధతి, 1900లో క్విబెక్‌లో దెజార్దెన్ దానికి ఇచ్చిన రూపం, ఈ రెండూ వారికి మాదిరి. అమెరికానుండి రాయ్ బెర్గెన్‌గ్రెన్ వచ్చి చట్టం తయారుచేయడంలో సహాయపడ్డాడు; 1932లో నోవా స్కోషియా శాసనసభ ఆ చట్టాన్ని ఆమోదించింది. ఇన్వర్నెస్ కౌంటీలోని బ్రాడ్ కోవ్, గనుల ఊరు రిజర్వ్ మైన్స్ మొదట సంఘాలు పెట్టినవాటిలో ఉన్నాయి. వారం వారం చిల్లర నాణేలు వేసేవారు. అప్పు కావలసినవాడు తన పొరుగువారి ముందు నిలబడి ఎందుకు కావాలో చెప్పాలి. అతడు నమ్మదగినవాడా కాదా అన్నది వారికి తెలుసు. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో కూరుకుపోయిన ఆ సంవత్సరాల్లో, బ్యాంకు గుమ్మం ఎక్కనివారు తమ బ్యాంకు తాము పెట్టుకొన్నారు. ఆ దశకం ముగిసేసరికి రాష్ట్రంలో ఇటువంటి సంఘాలు దాదాపు 200 అయ్యాయి.

టామ్‌కిన్స్ 1930 దశకం మధ్యలో కాన్సోనుండి రిజర్వ్ మైన్స్‌కు మారాడు. అక్కడ గని కార్మికులు కంపెనీ ఇచ్చిన పాడుబడ్డ ఇళ్ళలో కాపురముండేవారు. ఒక క్లబ్బు ఇళ్ళను గూర్చి చదవడం మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో సహకార గృహనిర్మాణంలో పనిచేసిన మేరీ ఆర్నాల్డ్ వారికి సలహాదారుగా వచ్చింది. వారు నెలల తరబడి చదివి, అట్టలతో ఇళ్ళ నమూనాలు చేసి చూసుకొని, ఆ తరువాతనే పునాది త్రవ్వారు. షిఫ్టు దిగివచ్చి తమ చేతులతో తామే కట్టిన 11 ఇళ్ళు 1938 నాటికి పూర్తయ్యాయి. ఆ పేటకు టామ్‌కిన్స్‌విల్ అని పేరు పెట్టారు. ఇల్లు కట్టడంకంటె ముందు ఇంటిని గూర్చి చదవడానికే ఎక్కువ కాలం తీసుకొన్న ఈ సంగతిని, కాలనీ ఇళ్ళు మంజూరైన మన పల్లెలలో చెబితే నమ్మడం కష్టం.

మన ప్రొటెస్టెంటు పాఠకులకు ఒక సందేహం రావచ్చు. ఇదంతా రోమన్ కాథలిక్ సభ వ్యవహారం కాదా? ప్రేరణ అక్కడిదే. 1891లో పోపు 13వ లియో, 1931లో పోపు 11వ పయస్ కార్మికులను గూర్చి, ఆస్తిని గూర్చి వెలువరించిన లేఖలు ఆ గురువులకు బలమిచ్చాయి. అయితే కోడీ మొదటినుండి ఒక నియమం పెట్టాడు: రసాయన శాస్త్రానికి మతశాఖ లేనట్లే సహకార సంఘానికి కూడా మతశాఖ ఉండదు. సంఘం తలుపు ఊరిలో అందరికి తెరిచి ఉండాలి. కేప్ బ్రెటన్‌లో యునైటెడ్ చర్చికి చెందిన పాస్టరు జె. డి. నెల్సన్ మెక్‌డొనాల్డ్ ఈ ఉద్యమంలో ముఖ్యులలో ఒకడయ్యాడు. (1925లో మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటీరియనులలో ఎక్కువమంది కలిసి ఏర్పరచుకొన్నదే ఆ యునైటెడ్ చర్చి, మన దక్షిణ ఇండియా సంఘ ఐక్యత 1947లో వచ్చింది.) మన ఊళ్ళల్లో ఒక డినామినేషనువాడు పెట్టిన పొదుపు సంఘంలో మరొక డినామినేషనువాడు చేరడానికి ఎంత ఆలోచిస్తాడో చూస్తే, 1930లలోని ఆ నియమం ఎంత దూరదృష్టి కలదో తెలుస్తుంది.

ఇంకొక ప్రేరణను దాచకూడదు. గనులలో 1920 దశకమంతా సమ్మెలు జరిగాయి. 1925 జూన్‌లో న్యూ వాటర్‌ఫర్డ్ దగ్గర కంపెనీ పోలీసుల కాల్పులలో విలియం డేవిస్ అనే గని కార్మికుడు చనిపోయాడు. కమ్యూనిస్టు నాయకుల పలుకుబడి పెరుగుతూ ఉంది. సభాధికారులలో కొందరు ఈ ఉద్యమాన్ని ఆమోదించడానికి అది కూడా ఒక కారణం. దీనివలన ఉద్యమం చేసిన మేలు తగ్గిపోదు గాని, మేలు ఎప్పుడూ స్వచ్ఛమైన కారణాలవల్లనే జరిగినట్లు చరిత్ర వ్రాయరాదు.

1939లో కోడీ తన ఉద్యమాన్ని గూర్చి పుస్తకం వ్రాశాడు. ప్రజలు తమ భాగ్యానికి తామే యజమానులు కావాలన్నది దాని పేరులోనే ఉన్న మాట. వేదాంత కళాశాలలో సభాచరిత్ర చదువుకొన్న రోజులలో మాకు మహాసభల తీర్మానాలు, భేదోపదేశాల పట్టికలు కంఠతా వచ్చాయిగాని, ఈ పుస్తకం పేరు ఎవరూ చెప్పలేదు. తరువాత ఎన్నో సంవత్సరాలకు గ్రామసేవలో ఉన్నప్పుడు చదివాను.

ఇక కష్టమైన భాగం. ఈ ఉద్యమం నిలిచిందా? కోడీ కలగన్నది ఒక కొత్త సమాజం. సంఘాలనుండి టోకు వ్యాపారం, టోకునుండి ఫ్యాక్టరీలు, చివరకు ఆర్థిక వ్యవస్థలో పెద్ద భాగం ప్రజల చేతికి రావాలని ఆయన లెక్క. అది జరగలేదు. రెండవ ప్రపంచయుద్ధంతో జీతాలు పెరిగాయి, యౌవనులు సైన్యానికి, పట్టణాలకు వెళ్ళారు. క్లబ్బులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. దుకాణాలు, ఫ్యాక్టరీలు, పరపతి సంఘాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. నా అభిప్రాయంలో అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. మొదటి తరంవారు పద్దు పుస్తకాన్ని అర్థంచేసుకొని సంఘం పెట్టారు. రెండవ తరంవారు పెట్టి ఉన్న సంఘంలో సరుకు కొన్నారు. వారికి అది మరొక దుకాణం. ప్రక్కన పెద్ద కంపెనీ దుకాణం తక్కువ ధరకు సరుకు పెడితే అక్కడికి వెళ్ళారు. ఎందుకు వెళ్ళకూడదో చెప్పే వంటగది సమావేశం అప్పటికే లేదు. కోడీకి కూడా ఈ బాధ చివరి సంవత్సరాల్లో ఉండేది. ఆయన 1952లో పదవీ విరమణ చేసి, 1959 జూలైలో చనిపోయాడు. జాలరుల సమాఖ్య 1980 దశకం చివర దివాలా తీసింది. 1990 దశకం ప్రారంభంలో కాడ్ చేపే సముద్రంలో కరువై, ప్రభుత్వం వేటను నిషేధించింది. చిన్న పడవలవారు 1927లో ట్రాలర్లను గూర్చి చెప్పిన భయం ఆ విధంగా నిజమైంది. కాన్సో పట్టణం తన మునిసిపాలిటీని తాను భరించలేక, 2012లో చుట్టుప్రక్కల గైస్‌బరో జిల్లాలో కలిసిపోయింది.

ఇంకొక లోటు ఉంది. గైస్‌బరో కౌంటీలో 1780 దశకంలో అమెరికా యుద్ధానంతరం వచ్చి స్థిరపడిన నల్లజాతివారి పల్లెలున్నాయి. మిక్‌మా అనే ఆదివాసీ ప్రజలు అంతకు ఎన్నో వందల ఏళ్ళముందు నుండి ఉన్నారు. ఉద్యమాన్ని గూర్చిన పాత పుస్తకాలలో వీరి ప్రస్తావన బహు అరుదు. బీదలలో బీదలు వెలుపలనే మిగిలిపోవడం మన దేశంలో ఎంత సామాన్యమో, మాలపల్లె మాదిగపల్లెలనుండి వచ్చిన సంఘాలవారికి నేను చెప్పనక్కరలేదు.

మన దేశానికి, ఈ చరిత్రకు రెండు బంధాలున్నాయి. ఒకటి పాతది. మన ఆంధ్ర తీరం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్నప్పుడు సర్ ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి రైతుల అప్పులను గూర్చి విచారించి, 1895–97లో పెద్ద నివేదిక సమర్పించాడు. ఆయన సిఫారసు చేసింది కూడా రైఫైజెన్ మార్గమే. ఆయనే తరువాత మద్రాసు మత్స్యశాఖకు ఆద్యుడయ్యాడు. 1904లో మన సహకార చట్టం వచ్చింది. అంటే నోవా స్కోషియాకంటె 28 ఏళ్ళు ముందు. ఒకే వేరునుండి వచ్చిన రెండు కొమ్మలు. అయితే అక్కడ ముందు చదువు, తరువాత చట్టం, పరపతి సంఘం వచ్చాయి. ఇక్కడ ముందు చట్టం, తరువాత రిజిస్ట్రారు, ఆ తరువాత సంఘం. మన సొసైటీలలో సభ్యునికంటె గుమాస్తా ఎందుకు పెద్దవాడయ్యాడో దీనివల్ల కొంత అర్థమవుతుంది. దీనికి భిన్నంగా నడిచినవి మనకూ లేకపోలేదు. 1956లో అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు ప్రారంభించిన సహకార గ్రామీణ బ్యాంకు ఒకటి, అదే ఊళ్ళో 2000 సంవత్సరంలో స్త్రీలు స్థాపించుకొన్న పాల సంఘం మరొకటి. ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘాలకు వీలుకల్పిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1995లో చట్టం వచ్చింది.

రెండవ బంధం కోడీ పేరుతో ఉన్న సంస్థ. ఆయన చనిపోయిన 1959లోనే విశ్వవిద్యాలయం ఆయన పేరిట అంతర్జాతీయ శిక్షణ సంస్థను స్థాపించింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలనుండి గ్రామసేవకులు, గురువులు, సిస్టర్లు అక్కడికి వెళ్ళి ఈ పద్ధతి నేర్చుకొని వచ్చారు. వారిలో భారతీయులు ఎందరో ఉన్నారు.

టామ్‌కిన్స్ చివరి దినాలను గూర్చి ఒక మాట చెప్పి ముగిస్తాను. రిజర్వ్ మైన్స్‌లో తన గురుమందిరం ముందుగదిని ఆయన గ్రంథాలయంగా మార్చాడు. ఒక సిస్టర్‌ను గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణకు పంపించాడు. గని దుమ్ముతో వచ్చిన కార్మికులు, వారి పిల్లలు ఆ గదిలో పుస్తకాలు మార్చుకొనేవారు. ఆయన 1953లో చనిపోయాడు. ఆ గదినుండి మొదలైన ప్రయత్నమే తరువాత కేప్ బ్రెటన్ ప్రాంతీయ గ్రంథాలయానికి దారితీసింది. జాలరుల సమాఖ్య దివాలా తీసిన తరువాత కూడా ఆ గ్రంథాలయం పుస్తకాలిస్తూనే వచ్చింది.